పింటర్ పెట్టెల్లో ఏముంది? ఒక నాటక, సినీ రచయిత కాగితాలు ఎవరివి?

2007 డిసెంబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఒక ప్రకటన చేసింది. నాటక రచయిత హెరాల్డ్ పింటర్ కాగితాలను 11 లక్షల పౌండ్లకు కొన్నామన్నది దాని సారాంశం. అప్పటి మారకం ప్రకారం మన రూపాయల్లో దాదాపు తొమ్మిది కోట్లు. వచ్చిన సరుకు 150కి పైగా పెట్టెలు. వాటిలో చిత్తుప్రతులు, ఉత్తరాలు, ఫొటోలు, నాటక ప్రదర్శనల కరపత్రాలు, పత్రికల ముక్కలు అతికించిన పుస్తకాలు, చివరికి ఈమెయిళ్ళు కూడా ఉన్నాయి. పింటర్ అప్పటికి జీవించే ఉన్నారు. మరుసటి ఏడాది డిసెంబరు 24న కన్నుమూశారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా పాఠకులకు కలిగే అనుమానాలు దాదాపు ఒకేలా ఉంటాయి. తొమ్మిది కోట్లు పోసి కొన్నారు కదా, ఇకమీదట పింటర్ నాటకం ఆడాలంటే లైబ్రరీని అడగాలా? అచ్చయిన నాటకం ఏ పుస్తకాల షాపులోనైనా దొరుకుతుంటే, కొట్టివేతలతో నిండిన చిత్తు కాగితానికి అంత ధర ఎందుకు? ఎవరైనా వెళ్ళి చూడవచ్చా? చూసినదాన్ని అచ్చు వేసుకోవచ్చా?

‘కొన్నారు’ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాక్కుని ఉండటమే ఈ గందరగోళానికి మూలం. ఒకటి కాగితం. రెండోది కాగితం మీది మాట. మూడోది ఆ మాటను చూసే వీలు. ఈ మూడూ ఒకే చేతిలో ఉండాలని ఏమీ లేదు. చాలాసార్లు ఉండవు కూడా. ఆ రచయిత రంగస్థలానికీ సినిమాకూ రాసినవారైతే ముడి ఇంకో చుట్టు బిగుస్తుంది. పింటర్ రెండింటికీ ఆరితేరిన చేతితో రాశారు. ‘బర్త్‌డే పార్టీ’ (1958), ‘కేర్‌టేకర్’ (1960), ‘హోమ్‌కమింగ్’ (1965) నాటకాలు ఒక పక్క. దర్శకుడు జోసెఫ్ లోసీ కోసం రాసిన ‘సర్వెంట్’ (1963), ‘యాక్సిడెంట్’ (1967), ‘గో-బిట్వీన్’ (1971) చిత్రాలు మరో పక్క. 2005లో నోబెల్ వచ్చింది. అందుకే ఈ చిక్కుముడి విప్పడానికి ఆయన పెట్టెలే అనువైనవి.

గ్రంథాలయం వేరు, ఆర్కైవ్ వేరు

గ్రంథాలయంలో ఉండేది పుస్తకం. ఒక ప్రతి పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ఆర్కైవ్‌లో ఉండేది ఒకే ఒక్కటి. ఒక మనిషి గానీ సంస్థ గానీ తన పని తాను చేసుకుంటూ పోతుండగా పక్కన పేరుకున్న కాగితాలవి. పాఠకుడి కోసం రాసినవి కావు. రచయిత కాగితాలు అంటే రచనలు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. బ్యాంకు పాసుపుస్తకం, డాక్టరు చీటీ, నిర్మాత రాసిన బతిమాలుడు ఉత్తరం, ఫోను పక్కన గీసిన పిచ్చిగీతలు కూడా అందులోకే వస్తాయి.

ఆర్కైవిస్టులు ప్రాణంగా చూసుకునే నియమాలు రెండు. ఒకరి కాగితాలను ఇంకొకరి కాగితాలతో కలపరాదు. అవి ఏ వరసలో దొరికాయో ఆ వరసను కారణం లేకుండా చెదరగొట్టరాదు. మొదటిది ఎవరికైనా అర్థమవుతుంది. రెండోదే విచిత్రంగా తోస్తుంది. ఇల్లు సర్దేవారికి చిందరవందర కనబడే చోట ఆర్కైవిస్టుకు సాక్ష్యం కనబడుతుంది.

ఉదాహరణకు ఒక ట్రంకు పెట్టెను ఊహించుకుందాం. బెజవాడలో నాటకాలు రాసి తర్వాత మద్రాసు వెళ్ళిన ఒక రచయితది. అందులో ఒక నాటకం సాఫుప్రతి. రెండో అంకం మధ్యలో ఒక రైలు టికెట్టు. దాని పక్కనే సినిమా కంపెనీ పంపిన ఉత్తరం, ఆ ఉత్తరం వెనకవైపు పెన్సిలుతో ఒక కొత్త రంగం. పిల్లలు శ్రద్ధగా సర్దుతారు. ఉత్తరాలన్నీ ఒక ఫైలులో, నాటకాలన్నీ ఇంకో ఫైలులో పెట్టి, టికెట్టును చెత్తబుట్టలో వేస్తారు. కాగితాలు దాదాపు అన్నీ మిగిలాయి, కథ మాత్రం పోయింది. ఆ రంగం సినిమా పిలుపు వచ్చాక, బహుశా రైల్లోనే, నాటకానికి చేర్చినదని చెప్పగలిగిన ఏకైక ఆధారం ఆ పక్కపక్క ఉనికే. అందుకే ఆర్కైవిస్టు ముందు పెట్టెను ఉన్నదున్నట్టు నమోదు చేసి, ఆ తర్వాతే మడతలు విప్పుతారు.

పింటర్ సేకరణకు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న పేరు ‘యాడ్ ఎంఎస్ 88880’. చూడటానికి లారీ నంబరులా ఉంటుంది గానీ వెనక చరిత్ర ఉంది. లైబ్రరీకి మూలధనమైన, వైద్యుడూ సేకర్తా అయిన హాన్స్ స్లోన్ రాతప్రతుల సంఖ్య 4100 దగ్గర ఆగింది. ఆ తర్వాత వచ్చి చేరిన వాటికి ‘అదనపు రాతప్రతులు’ (ఇంగ్లీషులో పొట్టిగా ‘యాడ్ ఎంఎస్’) అని పేరు పెట్టి 4101 నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ లెక్క అలా నడుస్తూ నడుస్తూ పింటర్ దగ్గరికి వచ్చేసరికి 88880 అయింది. ఈ పెట్టెల్లో కొన్ని 1993 నుంచే అక్కడ ఉన్నాయి, కానీ అరువుగా. అంటే కాగితాలు లైబ్రరీ అరలో, యాజమాన్యం పింటర్ దగ్గర. 2007లో మారింది ఆ యాజమాన్యమే. ‘అప్పగించారు’ అని వార్తలో కనిపిస్తే అది అరువా, దానమా, అమ్మకమా అన్నది వెతుక్కోవలసిన మొదటి సంగతి. అరువిచ్చినవారు రేపు వెనక్కి తీసుకోవచ్చు.

నాటకం చిత్తుప్రతి ఏం చెబుతుంది

నోబెల్ ఉపన్యాసంలో పింటర్ తన రచనా పద్ధతి చెప్పారు. నాటకం మొదలుపెట్టేటప్పుడు పాత్రలకు పేర్లు ఉండవట. ఎ, బి, సి అని అక్షరాలు మాత్రమే పెట్టుకుంటారట. ఒక మాటో ఒక బొమ్మో మనసులో మెదులుతుంది, ఆ వాక్యం ఎవరిదో, ఎవరితో అంటున్నారో రాస్తూ పోతేనే తెలుస్తుందట. రచయితలు తమ గురించి తాము చెప్పుకునే మాటలను ఎంతవరకు నమ్మాలన్నది పాత తగువు. అయితే ఇక్కడ తేల్చుకునే దారి ఉంది. ఆయన పసుపుపచ్చ రూళ్ళ కాగితాల పుస్తకాల్లో చేత్తో రాసేవారు. ఆ పేజీలు తెరిస్తే ఎ ఎక్కడ మనిషి అయ్యాడో కనబడాలి.

పింటర్ నాటకాల్లో నిశ్శబ్దం కూడా సంభాషణే. మూడు చుక్కలు వేరు, ‘విరామం’ వేరు, ‘మౌనం’ వేరు. అచ్చు పుస్తకంలో అవన్నీ మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు నిశ్చలంగా ఉంటాయి. మౌనం మొదటి ఊపులోనే వచ్చిందా, ఒక వాక్యాన్ని కొట్టేయగా మిగిలిన ఖాళీయా అన్నది చిత్తుప్రతి ఒక్కటే చెప్పగలదు.

చిత్తు కాగితం చరిత్రకారుల కోసమే అనుకోవడం కూడా పొరపాటు. ‘హాట్‌హౌస్’ నాటకాన్ని పింటర్ 1958లో రాసి పక్కన పడేశారు. ఇరవై ఏళ్ళు దాటాక బయటకు తీసి చదువుకుని, 1980లో హాంప్‌స్టెడ్ థియేటర్‌లో తానే దర్శకత్వం వహించి ఆడించారు. తన సొరుగుకు తానే మొదటి పరిశోధకుడు అన్నమాట.

మన దగ్గర దీనికి దీటైన చర్చ ఆర్కైవ్ గుమ్మం ఎక్కకుండానే నూరేళ్ళుగా నడుస్తోంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. బాగా పెంచి, తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. రెండూ అచ్చులో ఉండబట్టి పక్కపక్కన పెట్టి పోల్చుకోగలుగుతున్నాం. మొదటిదే బిగువైన నాటకం అనేవారున్నారు, రెండోదే మహాకృతి అనేవారు ఎక్కువమంది ఉన్నారు. రచయిత చివరగా ఒప్పుకున్న పాఠమే అసలుది, తక్కినవి మెట్లు మాత్రమే అని ఒక వాదం. నాటకానికి చివరి పాఠం అంటూ ఉండదు, ప్రతి ప్రదర్శనా ఒక పాఠమే అని దాని ఎదుటి వాదం. పాత నాటక సమాజాల్లో తెర వెనక నుంచి మాటలందించే ప్రాంప్టరు ప్రతులు చూసినవారు రెండో దానివైపు కాస్త మొగ్గుతారు. అందులో రచయిత రాసినది ఎంతో, నటులు కోసినది ఎంతో, హార్మోనిస్టు కోసం చేర్చినది ఎంతో విడదీయడం కష్టం.

నాటకం కాగితాల విషయంలో ఇంకో వింత ఉంది. 1968 వరకు ఇంగ్లండులో కొత్త నాటకం ఆడాలంటే రాజగృహ అధికారి అయిన లార్డ్ ఛాంబర్లేన్ కార్యాలయానికి ప్రతి సమర్పించి అనుమతి పొందాలి. 1824 నుంచి అలా చేరిన ప్రతులు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. కాబట్టి 1968కి ముందు పింటర్ నాటకాల జాడ ఆయన పెట్టెల్లోనే కాక ప్రభుత్వ కత్తెర కట్టల్లో కూడా వెతకాలి. మన దేశంలో 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం కింద ఇలాంటి నిఘాయే నడిచింది. ఆ చట్టాన్ని రద్దు చేసే బిల్లు 2018 జనవరిలో గానీ చట్టం కాలేదు. తనకు నచ్చని నాటకాన్ని ప్రభుత్వమే జాగ్రత్తగా ఫైలు చేసి దాచిపెట్టడం ఆర్కైవ్ లోకంలో తరచూ జరిగే చమత్కారం.

సినిమా కాగితాల దగ్గర కథ మారుతుంది

నాటక రచయిత చిత్తుప్రతిలో సాధారణంగా ఒకే చేతిరాత. సినిమా కాగితం అలా కాదు. కథాచర్చల్లో నలుగురు కూర్చుంటారు. వన్‌లైన్ ఆర్డర్ (రంగాల వరస జాబితా) ఒకరు రాస్తారు, సంభాషణల వెర్షన్ ఇంకొకరు రాస్తారు, దర్శకుడు మార్జిన్‌లో గీస్తారు, షూటింగు రోజున సీను పేపరు మళ్ళీ మారుతుంది. ఎడిటింగు బల్ల మీద మరోసారి. కాబట్టి ఒక రచయిత పెట్టెలో ఉన్న స్క్రిప్టుకూ తెర మీది సినిమాకూ మధ్య దూరం ఎంతైనా ఉండవచ్చు.

పింటర్ విషయంలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. కజువో ఇషిగురో నవల ‘రిమైన్స్ ఆఫ్ ద డే’కు ఆయన స్క్రీన్‌ప్లే రాశారు. అప్పుడు దర్శకుడు మైక్ నికోల్స్. ఆ తర్వాత ప్రాజెక్టు జేమ్స్ ఐవరీ చేతికి వెళ్ళింది. ఢిల్లీలో చాలా ఏళ్ళు కాపురమున్న రూత్ ప్రావర్ ఝాబ్‌వాలా కొత్తగా రాశారు. 1993లో విడుదలైన సినిమా టైటిల్స్‌లో స్క్రీన్‌ప్లే దగ్గర ఆమె పేరే ఉంది. తన పేరు వద్దని పింటర్ చెప్పారు. టైటిల్స్ చూసి చరిత్ర రాస్తే పింటర్ ఈ కథలో లేనట్టే. ఆయన రాసినది ఏమిటో, అందులో తెరకెక్కినది ఎంతో కాగితాలు పెట్టి పోల్చితేనే తెలుస్తుంది. ఆ కాగితాలైనా ఒక చోట లేవు. ఇషిగురో కాగితాలను 2015లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్‌లో ఉన్న హ్యారీ రాన్సమ్ సెంటర్ అనే ఆర్కైవ్ కొన్నది. నవల పుట్టుక గురించి తెలుసుకోవాలంటే టెక్సాస్ వెళ్ళాలి, పింటర్ గురించి అయితే లండన్.

రెండోది ప్రూస్ట్ సంగతి. ఫ్రెంచి రచయిత మార్సెల్ ప్రూస్ట్ బృహన్నవలను 1972లో పింటర్ స్క్రీన్‌ప్లేగా మలిచారు, లోసీ, బార్బరా బ్రేల సహకారంతో. ఏడాది శ్రమ. డబ్బు సమకూరక సినిమా రాలేదు. స్క్రీన్‌ప్లే మాత్రం పుస్తకంగా అచ్చయింది, 1995లో రేడియోకెక్కింది. 2000లో పింటర్, దర్శకురాలు డై ట్రెవిస్ కలిసి దాన్నే నాటకంగా మార్చగా లండన్ నేషనల్ థియేటర్‌లో ఆడారు. ఇప్పుడు ఈ కాగితాలను సినిమా అరలో పెట్టాలా, రంగస్థలం అరలోనా? ఎక్కడ పెట్టినా సూచీలో రెండు చోట్ల గుర్తు రాయక తప్పదు.

తెలుగులో ఇలాంటి ప్రశ్నకు పింగళి నాగేంద్రరావు దగ్గరికి వెళ్ళాలి. 1901లో పుట్టి, బందరు నాటకరంగం నుంచి మద్రాసు స్టూడియోలకు వెళ్ళినవారు. ‘వింధ్యరాణి’ మొదట నాటకం, తర్వాత సినిమా. ‘మాయాబజార్’ (1957) కథ, మాటలు, పాటలు ఆయనవి, స్క్రీన్‌ప్లే కె.వి. రెడ్డిది. ‘అసమదీయులు’ అన్న మాట పింగళి కలంలో పుట్టిందని మనమంతా అంటాం, బహుశా నిజమే. అయితే కథాచర్చల గదిలో ఎవరి నోట ఏ మాట ముందు పలికిందన్నది జ్ఞాపకాల మీద, ముచ్చట్ల మీద నడిచే చరిత్ర. ముచ్చట రుచిగా ఉంటుంది. తేదీ మాత్రం ఉండదు.

కాగితం లైబ్రరీది, మాట వారసులది

ఇప్పుడు అసలు చిక్కు. పింటర్ పెట్టెల్లో నాటక రచయిత శామ్యూల్ బెకెట్ రాసిన ఉత్తరాల కట్ట ఒకటి ఉంది. ఈ సేకరణలో ఎక్కువగా చెప్పుకునే భాగాల్లో అదొకటి. ఆ ఉత్తరం ఎవరిది? కాగితం పింటర్‌కు వచ్చింది కనుక ఆయనది. ఆయన అమ్మారు కనుక ఇప్పుడు లైబ్రరీది. దాని మీది మాటలు? అవి రాసిన బెకెట్‌వి, ఆయన తర్వాత ఆయన వారసులవి. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మాత్రమే దక్కుతుంది, అచ్చు వేసే హక్కు దక్కదు. దాదాపు అన్ని దేశాల కాపీరైటు చట్టాల్లోనూ ఇదే సూత్రం.

లెక్క వేసి చూద్దాం. బ్రిటన్‌లో రచయిత మరణించిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి 70 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. బెకెట్ 1989లో మరణించారు, కనుక 2059 చివరి వరకు. పింటర్ 2008లో, కనుక 2078 చివరి వరకు. అవే పెట్టెల్లో సరదా ఉత్తరాలున్న కవి ఫిలిప్ లార్కిన్ 1985లో, కనుక 2055 చివరి వరకు. ఒకే పెట్టెలోని మూడు కాగితాలకు మూడు గడువులు. లైబ్రరీ తొమ్మిది కోట్లు పోసి కొన్నది వీటిలో ఏ ఒక్క గడువునూ కాదు. మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది: నాటకం ఆడాలనుకునేవారు లైబ్రరీని అడగనక్కరలేదు, హక్కుదారుల్ని అడగాలి.

భారతదేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం గడువు 60 ఏళ్ళు, మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి. పింగళి 1971లో మరణించారు. ఆయన జీవించి ఉండగా వెలువడిన సాహిత్య రచనల కాపీరైటు 2031 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ హక్కు అప్పటిదాకా రచయిత కుటుంబం దగ్గర ఉన్నా, నిర్మాత దగ్గర ఉన్నా గడువు లెక్క రచయిత మరణం నుంచే.

అయితే అచ్చు కాని రచన సంగతి వేరు. రచయిత జీవితకాలంలో వెలుగు చూడని రచన తర్వాత ఎప్పుడో బయటపడితే, అది మొదటిసారి ప్రచురితమైనప్పటి నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుందని చట్టంలోని 24వ సెక్షన్ చెబుతుంది. నాటకాల విషయంలో అదే సెక్షన్‌లో ఒక మెలిక ఉంది: బహిరంగంగా ప్రదర్శిస్తే చాలు, అచ్చు కాకపోయినా ప్రచురించినట్టే లెక్క. ఈ మెలిక ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి. 1971లో మరణించిన ఒక రచయిత ట్రంకు పెట్టెలో 2030లో రెండు నాటకాలు దొరికాయనుకుందాం. ఒకటి 1930ల్లో నాలుగు ఊళ్ళలో ఆడింది గానీ అచ్చు కాలేదు. దాని గడువు 2031తో సరి. రెండోది ఎవరూ ఆడలేదు, ఎవరూ అచ్చు వేయలేదు. దాన్ని 2030లోనే అచ్చు వేస్తే 2090 చివరి వరకు గడువు ఉంటుంది. ఒకే పెట్టె, ఒకే చేతిరాత. తేడా ఒక పాత కరపత్రం దొరకడంలో ఉంది, ఫలానా తేదీన ఫలానా హాలులో ఆడినట్టు. ఆ రైలు టికెట్టును, కరపత్రాన్ని చెత్తబుట్టలో వేయకూడదనడానికి ఆర్కైవిస్టులు చెప్పే కారణాలతో పాటు వకీళ్ళు చెప్పే కారణం కూడా ఉందన్నమాట.

ఇందులో పరిశోధకులకు ఒక కిటికీ వదిలారు. ప్రజలకు ప్రవేశం ఉన్న గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అముద్రిత రచనను పరిశోధన కోసం, లేదా ప్రచురించే ఉద్దేశంతో, నకలు తీసుకోవచ్చని 52వ సెక్షన్ అంటుంది. షరతు ఏమిటంటే, రచయిత ఎవరో తెలిసినప్పుడు వారు మరణించి 60 ఏళ్ళు దాటాలి. ఇంట్లో ట్రంకులో ఉన్న కాగితానికి ఈ కిటికీ వర్తించదు, గ్రంథాలయం చేరిన దానికే వర్తిస్తుంది.

‘నాయక్’ తీర్పు ఏం తేల్చింది

నాటకం విషయంలో హక్కు రచయితదని అందరూ ఒప్పుకుంటారు. సినిమా స్క్రీన్‌ప్లే అనగానే ‘డబ్బు పెట్టిన నిర్మాతదే కదా’ అంటారు. ఈ ప్రశ్న 2023లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది.

సత్యజిత్ రాయ్ 1966లో తీసిన ‘నాయక్’ ఆయన సొంత కథ, సొంత స్క్రీన్‌ప్లే. నిర్మాత ఆర్.డి. బన్సల్. చాలా ఏళ్ళకు ఆ స్క్రీన్‌ప్లేను భాస్కర్ చట్టోపాధ్యాయ నవలగా మలచగా హార్పర్‌కాలిన్స్ 2018లో ప్రచురించింది. రాయ్ కుమారుడి నుంచి, రాయ్ పత్రాల పరిరక్షణ సంఘం నుంచి అనుమతి ఉందని ప్రచురణకర్త అంటే, సినిమా మాది కనుక స్క్రీన్‌ప్లే కూడా మాదేనని నిర్మాత కుటుంబం దావా వేసింది. కోర్టు తర్కం స్థూలంగా ఇది. సినిమాకు మొదటి హక్కుదారు నిర్మాత, అది నిజమే. కానీ స్క్రీన్‌ప్లే సినిమాలో ఒక ముక్క కాదు, దానంతట అది ఒక సాహిత్య రచన. రాయ్ నిర్మాత దగ్గర ఉద్యోగి కూడా కాదు. కాబట్టి స్క్రీన్‌ప్లే మొదటి హక్కు రాయ్‌దే, ఆయన తర్వాత వారసులదే.

ఈ తీర్పును ‘ఇక అన్ని స్క్రిప్టులూ రచయితలవే’ అని చదువుకుంటే తొందరపాటు అవుతుంది. ‘ఉద్యోగి కాదు’ అన్న చిన్న ముక్క దగ్గరే బరువంతా ఉంది. నెలజీతం మీద, ఉద్యోగంలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు యజమానిది. మద్రాసు స్టూడియోల కాలంలో జీతానికి కుదిరి రాసినవారు ఉన్నారు, సినిమాకు ఇంత అని మాట్లాడుకుని రాసినవారూ ఉన్నారు. రాతపూర్వకంగా హక్కు రాసిచ్చేసినవారి సంగతి మళ్ళీ వేరు. కాబట్టి ఒక సినీ రచయిత పెట్టెలో కళాత్మకంగా ఏ విలువా లేని ఒప్పంద పత్రం, జీతం రసీదు ఒక్కోసారి స్క్రిప్టు కన్నా ముఖ్యమైన కాగితాలు అవుతాయి. రాయ్ తన స్క్రిప్టులను, స్కెచ్‌లను, ఖర్చుల లెక్కలను ఎర్రగుడ్డ అట్ట వేసిన బెంగాలీ కొట్టు చిట్టాపుస్తకాల్లో రాసుకునేవారు. ‘ఖెరోర్ ఖాతా’ అంటారు వాటిని. మన షావుకార్ల ఆవర్జా పుస్తకానికి బెంగాలీ అన్న.

కాగితాలు ఎక్కడికి వెళ్ళాలి

ఇషిగురో ఒక్కరే కాదు. టామ్ స్టాపర్డ్, డేవిడ్ హేర్, ఆర్నల్డ్ వెస్కర్ వంటి బ్రిటిష్ నాటక రచయితల కాగితాలు కూడా ఆస్టిన్‌లోనే ఉన్నాయి. మన ఇంగ్లీషు నవలాకారుడు రాజారావు కాగితాలూ అక్కడికే చేరాయి. ఆయన అక్కడే పాఠాలు చెప్పారు కనుక అందులో వింత లేదు. ఆర్.కె. నారాయణ్ కాగితాలు బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పింటర్ లండన్‌ను ఎంచుకోవడం బ్రిటన్‌లో పెద్ద వార్త కావడానికి ఇదే నేపథ్యం. ప్రజల డబ్బుతో నడిచే నేషనల్ హెరిటేజ్ మెమోరియల్ ఫండ్ కూడా ఆ కొనుగోలుకు సాయం చేసింది.

ఇలా వెళ్ళిపోవడం మీద రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి. ఏ భాషలో, ఏ వీధిలో పుట్టిన రచన ఆ చుట్టుపక్కల వారికి బస్సు దూరంలో ఉండాలనేది ఒక వాదం. లండన్‌లోని హ్యాక్నీలో దర్జీ కొడుకైన పింటర్ వంటివారి కాగితాలు చూడటానికి హ్యాక్నీ విద్యార్థి వీసా తీసుకోవడం ఏమిటని వారి ప్రశ్న. దానికి జవాబుగా రెండో పక్షం అడిగేది సూటిగా ఉంటుంది: చల్లని గది, కాగితాన్ని పాడుచేయని అట్టపెట్టె, సూచీ రాసే సిబ్బంది మీ దగ్గర ఉన్నారా? లేకపోతే సొంత ఊళ్ళో చెదలు తినడం కన్నా పరాయి ఊళ్ళో పదిలంగా ఉండటం మేలు కాదా? నాకు రెండో ప్రశ్న ఇబ్బందికరమైనదే గానీ న్యాయమైనదనిపిస్తుంది.

ఇక డబ్బు. రచయితలు దానం చేయక అమ్ముతారెందుకని విసుక్కునేవారికి అమెరికా పన్నుల చట్టం ఒక వింత జవాబు చెబుతుంది. 1969 సవరణ తర్వాత, రచయిత తన చిత్తుప్రతులను తానే దానం చేస్తే పన్ను మినహాయింపు కాగితం, సిరా ఖర్చు మేరకే. అదే కాగితాలను రచయిత పోయాక వారసులు దానం చేస్తే మార్కెట్ విలువ మేరకు మినహాయింపు. బతికున్న రచయితకు దానం వల్ల దక్కేది రూళ్ళ పుస్తకం ధర, అమ్మితే లక్షలు. అమ్మకాలు పెరగడంలో ఆశ్చర్యం ఏముంది?

అన్నీ చూపించాలా

లార్కిన్ తన డైరీలను చదవకుండా నాశనం చేయమన్నారు. 1985లో ఆయన కార్యదర్శి వాటిని ముక్కలు ముక్కలుగా చింపే యంత్రంలో వేశారు. ఆ పని తప్పా ఒప్పా అని నేటికీ వాదించుకుంటున్నారు. ఆయనే ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి కావడం, బ్రిటిష్ రచయితల రాతప్రతులు విదేశాలకు పోతున్నాయని గొంతు విప్పినవారిలో ఒకరు కావడం ఈ కథలో ఉప్పు.

ఉత్తరాల్లో రచయిత ఒక్కరే ఉండరు. రాసినవారు, ప్రస్తావనకు వచ్చినవారు, వారి పిల్లలు ఉంటారు. పింటర్ ‘బిట్రేయల్’ (1978) వెనక నిజజీవితంలోని ఒక రహస్య బంధం ఉందన్నది ఇప్పుడు బహిరంగమే. అలా బహిరంగం కానివి ఏ రచయిత కట్టల్లోనైనా ఉంటాయి. అందుకే చాలా సేకరణల్లో కొన్ని ఫైళ్ళను నిర్ణీత కాలం మూసి ఉంచుతారు. మూసిన ఫైలు ఉందని సూచీలో రాయడం మర్యాద. లోపల ఏముందో చెప్పనక్కరలేదు, ఉందని మాత్రం దాచకూడదు.

సూచీ పోయిన రోజు

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. పింటర్ పెట్టెలకు ఏమీ కాలేదు. కాగితం కాగితంలాగే ఉంది, హక్కులు ఎవరివి వారి దగ్గరే ఉన్నాయి. కానీ ఏ పెట్టెలో ఏముందో చెప్పే ఆన్‌లైన్ సూచీ మాయమైంది. పుస్తకాల ప్రధాన సూచీ 2024 జనవరిలో పరిమితంగా తిరిగి వచ్చింది. రాతప్రతుల సూచీకి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ మధ్యకాలంలో, పెన్ను బయటే వదిలి పెన్సిలుతో రాతప్రతుల గదిలోకి వెళ్ళిన పరిశోధకులు ఏ పెట్టె తెమ్మని అడగాలో తెలియని స్థితిలో పడ్డారు. అంత డబ్బు పోసి కొన్న కాగితానికి ప్రాణం ఆ జాబితాలో ఉందని అప్పుడు కొందరికి మొదటిసారి అర్థమైంది.

మన సినీ రచయితల కాగితాల్లో ఎన్నో అసలు అలాంటి జాబితాలోకే ఎక్కలేదు. 1964లో పుణెలో మొదలైన జాతీయ చలనచిత్ర భాండాగారం, 2022 నుంచి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.)లో భాగం, సినిమాలతో పాటు స్క్రిప్టులు, పోస్టర్లు, పాటల పుస్తకాలు సేకరిస్తుంది. వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాల్లో నూరేళ్ళ నాటి పత్రికలు, అచ్చు నాటకాలు ఉన్నాయి. అచ్చు కానిది చాలావరకు ఇళ్ళల్లో, అటకల మీద ఉంటుంది. పింగళి జీవించి ఉండగా ప్రపంచం చూసిన నాటకాలు 2032 జనవరి 1న ఎవరైనా ఆడుకోవడానికి, అచ్చు వేసుకోవడానికి వీలవుతుంది. ఆ ఏడాది దాటాక పరిశోధకులకు చట్టం తెరిచే కిటికీ మాత్రం అప్పటికి ఏదో ఒక గ్రంథాలయానికి చేరి, సూచీలో ఒక నంబరు సంపాదించుకున్న కాగితాలకే.